గొట్టం వెంట వచ్చిన జ్వరం

"కాలు విరిగిందని తీసుకొచ్చాం. కాలు బాగానే అతుక్కుంటోందంటున్నారు. మరి ఈ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఎక్కణ్ణుంచి వచ్చింది డాక్టరు గారూ? ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా నాన్నకి ఇలాంటిదెప్పుడూ లేదే!"

ఆస్పత్రి వరండాల్లో తరచుగా వినపడే ప్రశ్న ఇది. ఖరగ్‌పూర్‌లో అయితే ఇది తెలుగులోనే వినపడుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ వర్క్‌షాప్ పెట్టిన రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన కుటుంబాలు తరాలుగా ఆ ఊళ్లోనే ఉండిపోయాయి. ఇప్పటి పిల్లలకు రైల్వే ఒక్కటే దిక్కు కాదు. ఊరి శివార్లలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వచ్చింది, ఫ్యాక్టరీలు వచ్చాయి. అలాంటి ఏ పారిశ్రామికవాడలోనో పనిచేసే మనిషి ఎత్తు నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడనుకుందాం. ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. పటాన్‌చెరులోనూ విశాఖలోనూ ఇలాగే జరుగుతుంది.

ఆపరేషన్ చేయాలి. మత్తు ఇస్తారు, కదలనివ్వరు. మూత్రం దానంతటది రాదు, ఎంత వస్తోందో కొలవాల్సిన అవసరమూ ఉంటుంది. అందుకని మూత్రనాళం గుండా సన్నటి రబ్బరు గొట్టం ఎక్కిస్తారు. డాక్టర్లు కేథటర్ అంటారు, మనవాళ్లు పైపు వేశారంటారు. ఆపరేషన్ బాగానే అవుతుంది. నాలుగైదు రోజులకు వణుకుతో జ్వరం. మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపుతారు. రెండు మూడు రోజులకు వచ్చిన కాగితంలో పైన ఒక బ్యాక్టీరియా పేరు, కింద మందుల జాబితా ఉంటాయి. ప్రతి మందుకూ ఎదురుగా ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఆ వరసలో పైనుంచి కిందిదాకా దాదాపు అన్నీ ఆర్‌లే.

మొదట్లో కూతురు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితంలో సగమే ఉంది. మిగతా సగం, గొట్టంలోంచి మూత్రం చేరేందుకు మంచానికి వేలాడే సంచిలో ఉంది.

ఒంటి కాపలా, దానికి పడ్డ గండి

మన పేగుల్లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పుట్టిన కొద్ది రోజుల నుంచే ఉంటుంది. 1885లో థియోడోర్ ఎషెరిష్ అనే వైద్యుడు పసిపిల్లల మలంలోనే దాన్ని మొదట గుర్తించాడు. పేగుల్లో ఉన్నంతకాలం దానివల్ల ఇబ్బంది లేదు. అది మూత్రాశయంలోకి చేరితేనే చిక్కు. మలద్వారానికీ మూత్రద్వారానికీ దూరం తక్కువ కాబట్టి అది రోజూ ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. ఆడవాళ్లకు ఈ బాధ ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఈ తేడాయే.

అయినా చాలామందికి చాలా రోజులు ఏమీ కాదు. లోపలికి పాకిన వాటిని కొన్ని గంటలకోసారి మూత్రం ధారగా కిందికి కడిగేస్తుంది. మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవుతుంది కాబట్టి మిగిలినవి నిలదొక్కుకోవడానికి చోటుండదు. శరీరం చేసే రక్షణల్లో ఇంత సాదాది, ఇంత గట్టిది మరొకటి ఉండదేమో.

గొట్టం వేయగానే ఈ రెండూ పోతాయి. ఇప్పుడు మనం వాడే గొట్టాన్ని 1930లలో ఫ్రెడరిక్ ఫోలీ అనే అమెరికా వైద్యుడు రూపొందించాడు. ఆస్పత్రుల్లో దాన్ని ఇప్పటికీ ఫోలీ అనే పిలుస్తారు. గొట్టం జారిపోకుండా దాని కొనకు కొంచెం ఇవతల చిన్న బుడగ ఉంటుంది. లోపలికి చేర్చాక శుభ్రమైన నీళ్లతో దాన్ని ఉబ్బిస్తారు. బుడగ మూత్రాశయం అడుగున కూర్చుంటుంది, మూత్రం దిగే రంధ్రం బుడగకు పైన ఉంటుంది. అంటే రంధ్రానికి కింద, బుడగ చుట్టూ కొంచెం మూత్రం ఎప్పుడూ నిలవ ఉంటుంది. ఇక ధార లేదు, బొట్టుబొట్టుగా కారడమే. లోపలికి ఎక్కి వచ్చేవాటికి గొట్టం బయటి గోడ ఒక దారి, లోపలి గోడ ఇంకో దారి.

అనుకూలమైన చోట ఈ.కోలై ప్రతి ఇరవై నిమిషాలకూ రెండింతలవుతుంది. ఆ లెక్కన ఒక్క బ్యాక్టీరియా ఆరు గంటల నలభై నిమిషాల్లో పది లక్షలు దాటుతుంది. మూత్రంలో వేగం అంతకన్నా తక్కువే అయినా, నిలవ నీటిలో దానికి తొందరేం లేదు.

అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే సీడీసీ సంస్థ లెక్కల్లో, ఆస్పత్రిలో అంటుకునే మూత్ర ఇన్‌ఫెక్షన్లలో సుమారు 75 శాతం ఈ గొట్టంతో ముడిపడినవే. గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలోకి కొత్తగా బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. రోజుకు 5 అనుకున్నా, పది రోజులయ్యేసరికి నూటికి నలభై మంది మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. నెల దాటితే దాదాపు అందరిలోనూ. అందుకే ఈ అధ్యాయంలో నేను మందుల కన్నా రోజుల గురించే ఎక్కువ పట్టుబడతాను.

గొట్టం లోపల పాకుడు

మేడ మీది నీళ్ల ట్యాంకు కొన్నాళ్లు కడక్కపోతే లోపలి గోడకు జారుడుగా పాకుడు పడుతుంది. ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపితే నీళ్లకు వాసన వస్తుంది, నీళ్లలో తేలేవి చచ్చిపోతాయి. చెయ్యి పెట్టి చూస్తే పాకుడు అలాగే ఉంటుంది. పై పొర తెల్లబడినా అడుగు పొర బతికే ఉంటుంది, నాలుగు రోజులకు నల్లాలోంచి మళ్లీ ముక్కలుగా రాలుతుంది. గోడ రుద్దాలి, లేదా పైపే మార్చాలి. మందు కలిపినంత మాత్రాన పని కాదు.

గొట్టం లోపల సరిగ్గా ఇదే జరుగుతుంది. బ్యాక్టీరియా రబ్బరుకు అంటుకుని, తమ చుట్టూ జిగురు కారుస్తాయి. ఆ జిగురులో పొరలు పొరలుగా కాపురం పెడతాయి. దీన్ని జీవపొర అందాం, వైద్యుల మాటల్లో బయోఫిల్మ్. రక్తంలోంచి మూత్రంలోకి దిగిన మందు ఆ జిగురులోకి సరిగా ఇంకదు. ఇంకినా అడుగు పొరల్లోని బ్యాక్టీరియా పెరగడం దాదాపు మానేసి ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న కణాన్నే దెబ్బ తీయగలవు. అందుకే మామూలుగా తేలే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు వందల రెట్లు ఇచ్చినా పొరలోనివి బతికిపోవచ్చు. ప్రోటియస్ అనే జాతి ఇంకో అడుగు ముందుకేసి, మూత్రంలోని యూరియాను అమోనియాగా విరుస్తుంది. దాంతో లవణాలు గడ్డకట్టి గొట్టమే పూడిపోతుంది.

పాత గొట్టాన్ని లోపలే ఉంచి ఇంజెక్షన్లు మారుస్తూ పోతే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడానికి కారణం ఇదే. ఇన్‌ఫెక్షన్ వచ్చిందని తేలితే గొట్టం తీసేయడమో, ఇంకా అవసరమైతే కొత్తది వేయడమో చికిత్సలో భాగం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గొట్టం ఉన్నవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా కనపడినంత మాత్రాన అది జబ్బు కాదు. జ్వరం, వణుకు, పొత్తికడుపులోనో నడుముకు పక్కగానో నొప్పి, ముసలివాళ్లలో ఉన్నట్టుండి మతి తప్పడం లాంటి లక్షణాలు, వాటికి మరే కారణమూ కనపడకపోవడం... అప్పుడే మందు. ఏ బాధా లేని మనిషికి రిపోర్టు చూసి మందు మొదలుపెడితే చచ్చేవి బలహీనమైనవే, మిగిలేవి మొండివి. గర్భిణులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయించుకోబోయేవారికీ మాత్రం ఈ నియమం వర్తించదు. "మూత్రంలో చీము కణాలున్నాయి, మందు రాయండి" అని ఇంట్లోవాళ్లే పట్టుబట్టే సందర్భాలు ఎక్కువ. ఆ పట్టుదలలో ప్రేమ ఉంది, కానీ అది రోగికి మేలు చేయదు.

మందు ఎందుకు ఓడిపోతుంది

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. మూత్ర ఇన్‌ఫెక్షన్‌కూ ఫోలిక్ ఆమ్లానికీ దగ్గరి సంబంధం ఉంది. మనం ఫోలిక్ ఆమ్లాన్ని ఆకుకూరల నుంచి తెచ్చుకుంటాం. బ్యాక్టీరియా దాన్ని సొంతంగా తయారుచేసుకోవాలి. ఆ తయారీని రెండు మెట్ల దగ్గర ఆపేసే మందు 1960ల చివర వచ్చింది. మన మందుల షాపుల్లో సెప్ట్రాన్ పేరుతో అందరికీ తెలిసినదే. మనిషి కణాన్ని పెద్దగా ముట్టుకోకుండా బ్యాక్టీరియాను మాత్రమే ఆకలికి మాడ్చే ఎత్తు అది. చాలా ఏళ్లు మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు మొదటి మందు అదే. ఇప్పుడు మన దేశంలో ఈ.కోలైలో పెద్ద భాగం దానికి లొంగడం లేదు. మందు తాకే ఎంజైము ఆకారాన్ని కొన్ని బ్యాక్టీరియా మార్చేసుకున్నాయి.

పెన్సిలిన్ కుటుంబానిది ఇంకో దారి. ఈ మందులు బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుకుంటాయి. వీటి అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఉంటుంది, బలమంతా దానిదే. ఆ వలయాన్ని విరిచే ఎంజైములు కొన్ని బ్యాక్టీరియాకు ఉన్నాయి. వాటిని కోత ఎంజైములు అందాం. సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులను విరిచేవాటిని వైద్యులు ఈఎస్‌బీఎల్ అంటారు. కల్చర్ కాగితంలో ఈ నాలుగక్షరాలు మీకు కనపడే ఉండొచ్చు. అవి ఉంటే డాక్టర్లు మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ ఇంజెక్షన్లకు వెళ్తారు. దాన్నీ విరిచే ఎంజైము వస్తే దారి బాగా ఇరుకైపోతుంది.

ఈ కోత విద్య ఒక్కో బ్యాక్టీరియా తనంతట తాను కనిపెట్టాల్సిన పని లేదు. అసలు డీఎన్‌ఏకు వేరుగా చిన్న డీఎన్‌ఏ వలయాలు వాటిలో ఉంటాయి. జన్యువలయాలు అందాం, శాస్త్రవేత్తలు ప్లాస్మిడ్‌లంటారు. రెండు బ్యాక్టీరియా ఆనుకున్నప్పుడు ఒకటి తన వలయానికి నకలు తీసి రెండోదానికి ఇచ్చేస్తుంది. రెండూ ఒకే జాతివి కానక్కర్లేదు. క్లెబ్సియెల్లా అనే వేరే జాతి ఇస్తే ఈ.కోలై తీసుకుంటుంది. ఒకే వలయం మీద నాలుగైదు మందులను ఎదిరించే జన్యువులు వరసగా ఉండవచ్చు. రోగి ఎన్నడూ వాడని మందుకు కూడా బ్యాక్టీరియా లొంగకపోవడానికి ఇదే కారణం. గొట్టం లోపలి జీవపొరలో రకరకాల జాతులు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కదా, ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఒక మూత్రం సీసా, ఒక వాగు

2008 జనవరిలో స్వీడన్‌లో ఒక రోగి మూత్రంలో క్లెబ్సియెల్లా దొరికింది. ఆయన భారత సంతతి మనిషి. అంతకు ముందు న్యూఢిల్లీలో ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. ఆ బ్యాక్టీరియా కార్బపెనెమ్‌లకూ లొంగలేదు. అందులో దొరికిన కొత్త కోత ఎంజైముకు ఎన్‌డీఎమ్-1 అని పేరు పెట్టి 2009లో ప్రకటించారు. 2010లో వచ్చిన పెద్ద అధ్యయనం చెన్నై, హర్యానాల్లోనూ, పాకిస్తాన్, బ్రిటన్‌లలోనూ అది ఉందని చూపింది. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ కాబట్టి, పేరులో ఢిల్లీ ఉందని మన దేశంలో అప్పట్లో గొడవ జరిగింది. ఆ గొడవలో ముఖ్యమైన సంగతి మరుగున పడింది. ఈ మొత్తం కథ మొదలైంది ఆస్పత్రి నుంచి వచ్చిన ఒక మనిషి మూత్రపరీక్షతో. 2011లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన 171 మురుగునీటి నమూనాలు పరీక్షిస్తే 51లో ఆ జన్యువు దొరికింది, 50 కుళాయి నీళ్ల నమూనాల్లో 2లో కూడా దొరికింది.

మన వైపు సంగతి ఇంకా బాధగా ఉంటుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు మనం మింగే మాత్రే అది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఆ నీటిలో మందు ఎక్కువ. ఆ ప్రాంతపు నీళ్లు ఇస్కవాగు, నక్కవాగుల్లోంచి మంజీరలోకి, అక్కణ్ణుంచి గోదావరిలోకి చేరతాయి. మందులో నానే మట్టిలో మందుకు లొంగేవి చచ్చిపోయి, లొంగనివే పెరుగుతాయి. ఫలానా రోగి మూత్రంలోని బ్యాక్టీరియా ఫలానా వాగు నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కానీ జన్యువలయాలు జాతి నుంచి జాతికి మారతాయని తెలిశాక, వాగును వదిలేసి వార్డునొక్కదాన్నే తుడిస్తే చాలదని అర్థమవుతుంది. మందుల ఫ్యాక్టరీల నీటిలో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడతామని కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది, 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. ప్రపంచానికి మందులు చేసిపెట్టే ఊళ్ల పట్ల ఇది అన్యాయమని నా అభిప్రాయం.

ఇక చేతిలో మిగిలేవి కొన్నే. కొలిస్టిన్ అనే పాత మందు ఉంది. కిడ్నీలకు హాని చేస్తుందని 1970లలో పక్కన పెట్టినదాన్నే మళ్లీ బయటికి తీశారు. కోళ్లకూ పశువులకూ దాన్ని వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించింది, మంచి పని చేసింది. ఎన్‌డీఎమ్ విరవలేని అజ్‌ట్రియోనామ్‌ను మరో మందుతో జోడించి ఇచ్చే పద్ధతీ ఉంది, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. మూత్రాశయం దాటని ఇన్‌ఫెక్షన్లకు 1950ల నాటి నైట్రోఫ్యూరంటోయిన్ మాత్ర ఇప్పటికీ ఈ.కోలై మీద బాగానే పనిచేస్తుంది. అది రక్తంలో నిలవదు కాబట్టి కిడ్నీకి పాకిన ఇన్‌ఫెక్షన్‌కు పనికిరాదు.

సంచి ఎవరి చేతిలో ఉంది

పుస్తకాల్లో నర్సు అని రాసి ఉన్న చోట మన వార్డుల్లో భార్యో కూతురో ఉంటుంది. సంచి నిండిందని చూసేది ఆమే, ఖాళీ చేసేదీ ఆమే. పక్క మంచం పెద్దాయన దగ్గర ఎవరూ లేకపోతే, పాపం అని ఆయన సంచి కూడా అదే మగ్గులోకి వంచేస్తుంది. సంచి అడుగున ఉన్న చిన్న కుళాయి ముక్కు మగ్గు అంచుకు తగులుతుంది. చేతులు చీర కొంగుకు తుడుచుకుని, తండ్రికి మంచినీళ్లు పడుతుంది. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి బ్యాక్టీరియా దాటడానికి ఇది చాలు. ఆమెను తప్పుపట్టడానికి లేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఒక్కో రోగికి వేరే మగ్గు, కుళాయి ముక్కు దేనికీ తగలకుండా చూడటం, ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కోవడం... ఇవి రెండు నిమిషాల్లో నేర్పగలిగిన పనులు.

ఎక్స్‌రేకు తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీద సంచిని రోగి పొట్ట మీద పెట్టేస్తారు. ఆ క్షణంలో సంచిలోని మూత్రం వెనక్కి మూత్రాశయంలోకి పారుతుంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలను మాత్రం తాకకూడదు. గొట్టాన్నీ సంచినీ కలిపే అతుకు విప్పకూడదు. అతుకు విప్పని మూసిన సంచి పద్ధతి ఇన్‌ఫెక్షన్లను బాగా తగ్గిస్తుందని 1966 నాటికే తేలింది.

వీటన్నిటికన్నా పెద్దది ఒకటుంది. అమెరికాలో నాలుగు ఆస్పత్రుల్లో డాక్టర్లను, మీ రోగుల్లో గొట్టం ఎవరెవరికి ఉందని అడిగారు. గొట్టం ఉన్న రోగుల విషయంలో నూటికి 28 సార్లు ఆ సంగతి వాళ్లకు తెలియదు. 2000లో వచ్చిన ఫలితం అది. ఆపరేషన్ గదిలో వేసిన గొట్టం, అవసరం తీరినా, దుప్పటి కింద అలా ఉండిపోతుంది. దానికి విరుగుడు కూడా అంతే తేలిక. రోజూ రౌండ్లలో "ఈ గొట్టం ఈ రోజు కావాలా?" అని గుర్తుచేసే పద్ధతి, లేదా గడువు దాటితే తీసేయమనే ఆదేశం పెట్టిన ఆస్పత్రుల అధ్యయనాలన్నీ కలిపి 2010లో లెక్క వేస్తే, ఇన్‌ఫెక్షన్ల రేటు 52 శాతం తగ్గింది. ఏ కొత్త మందూ కనిపెట్టకుండా సగానికి సగం.

ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లూ అడగవచ్చు. "అయ్యా, నాన్న లేచి కూర్చుంటున్నారు, పైపు ఇంకా ఉంచాలా?" అంటే ఏ డాక్టరూ కోప్పడకూడదు. మీ అంతట మీరు మాత్రం లాగేయకండి. లోపల బుడగ ఉబ్బి ఉంటుంది, మూత్రనాళం చీలిపోతుంది.

ఖరగ్‌పూర్ కుటుంబం మెరుగైన వైద్యం కోసం విశాఖకో వెల్లూరుకో రైలెక్కడం మామూలే. కాలు నయమై, జ్వరం తగ్గిన మనిషి పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఏ బాధా పెట్టకుండా నెలల తరబడి ఉండిపోవచ్చు. అతనితో పాటు అదీ ప్రయాణం చేస్తుంది. అందుకని డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు మూడు సంగతులు అందులో రాయించుకోండి: గొట్టం ఏ తేదీన వేశారు, ఏ తేదీన తీశారు, కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా వచ్చింది. ఆ కల్చర్ రిపోర్టు నకలు కూడా దానికి జతచేయించుకోండి. రేపు ఇంకో ఊళ్లో మళ్లీ జ్వరం వస్తే, కొత్త కల్చర్ వచ్చే రెండు మూడు రోజులూ అక్కడి డాక్టరు ఊహ మీద మందు ఎంచుకోవాల్సిన పని ఉండదు. పాత కాగితంలో ఎస్ ఉన్న మందును ముందుగా పరిశీలిస్తాడు, ఆ మనిషికి వార్డులో విడిగా మంచం కేటాయిస్తాడు.